కొరుకుడుపడని బొమ్మ... కావలెను!

కుక్కపిల్ల ఇంటికొచ్చిన మొదటి నెల అందరికీ ముద్దే. పిల్లలు ఒళ్లోంచి దించరు. మూడు నెలల వయసు దాటేసరికి కథ మారుతుంది. నాన్నగారి చెప్పుల్లో ఒకటి మాయం. సోఫా మూల నుంచి స్పాంజి బయటికొస్తుంది. టీవీ రిమోట్ నిండా పంటిగాట్లు. చార్జర్ వైరు రెండు ముక్కలు. ‘ఇక మనవల్ల కాదు, ఎవరికైనా ఇచ్చేద్దాం’ అన్న మాట ఇంట్లో మొదటిసారి వినిపించేది అప్పుడే. బొమ్మ కొనడం చిన్న సంగతిలాగే కనిపిస్తుంది. కానీ కొన్ని ఇళ్లలో ఆ ప్రాణి ఆ గుమ్మంలో ఉండాలా వద్దా అన్నది తేలేది దానితోనే!

నిజానికి అది అల్లరి కాదు, అవసరం. కుక్కపిల్లకు 28 పాలపళ్లు. మూడు నాలుగు నెలల వయసులో అవి ఊడటం మొదలై, ఆరేడు నెలలకల్లా 42 శాశ్వత దంతాలు వచ్చేస్తాయి. ఆ రోజుల్లో చిగుళ్లు సలుపుతుంటాయి. ఏదో ఒకటి కొరికితేనే హాయి. పళ్లన్నీ వచ్చాకైనా ఆగుతుందా అంటే, ఆగదు. లాబ్రడార్‌నే తీసుకోండి. వేటాడిన పక్షుల్ని నోట కరిచి తెచ్చేందుకు తీర్చిదిద్దిన జాతి అది. మనకు చేతులెలాగో దానికి నోరు అలాగ. జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్ల దవడల బలం సరేసరి. అలాంటి కుక్క పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫ్లాట్‌లో ఒంటరిగా ఉంటే? తోచక తలుపు చెక్కనైనా కొరుకుతుంది. తిడితే మానదు. మనం లేనప్పుడు కొరకడం నేర్చుకుంటుంది, అంతే!

చాలామంది మొదట చేసే పని, పాత చెప్పొకటి దాని ముందు పడేయడం. పాతదేదో, నిన్న కొన్నదేదో దానికేం తెలుసు పాపం! తర్వాత కీచుమనే రబ్బరు బొమ్మ వస్తుంది. గట్టిగా కొరికే కుక్క ముందు అది పది నిమిషాలు నిలబడితే గొప్ప. లోపలున్న కీచుబిళ్ల కడుపులోకి పోతే ఇంకో తంటా. దాంతో ఇంటివాళ్లు రెండో కొసకు వెళ్తారు. ‘అసలు విరగనిదే కావాలి’ అని దుప్పికొమ్ము, పశువుల గిట్ట, పెద్ద ఎముక తెచ్చి ఇస్తారు. పొరపాటంతా అక్కడే!

దుప్పికొమ్ము విరగదు, నిజమే. కానీ పన్ను విరుగుతుంది. కుక్క పంటి మీది ఎనామిల్ మన పంటి ఎనామిల్ కంటే పల్చన. మరీ గట్టివాటిని నమిలే కుక్కల్లో పైదవడలోని పెద్ద పన్ను నిలువునా పెచ్చులూడటం పశువైద్యులకు కొత్త కాదు. నరం బయటపడితే నొప్పి భరించలేనిది. నోరు లేని జీవం కాబట్టి ఎక్కువసార్లు చెప్పుకోదు. ఒకవైపే నములుతూ నెట్టుకొస్తుంది.

ఈ చిక్కుకు జవాబు దొరికిన తీరు కూడా తమాషాగా ఉంటుంది. 1970ల్లో అమెరికాలో జో మార్కమ్ అనే ఆయన దగ్గర ఫ్రిట్జ్ అనే జర్మన్ షెపర్డ్ ఉండేది. పోలీసు శాఖలో పనిచేసి రిటైరైన కుక్క. దానికి రాళ్లు కొరికే అలవాటు. పళ్లు అరిగిపోతున్నాయి. ఆయన ఏమిచ్చినా రాళ్ల మీద మోజు పోలేదు. ఓరోజు ఫోక్స్‌వ్యాగన్ వ్యాను బాగుచేసుకుంటూ, దాని సస్పెన్షన్‌లోని రబ్బరు ముక్కను పక్కకు విసిరారు. ఫ్రిట్జ్ దాన్ని వదిలితే ఒట్టు! ఆ ముక్క ఆకారంలోంచే పుట్టింది ‘కాంగ్’ బొమ్మ. 1976లో కంపెనీ మొదలైంది. ఫ్రిట్జ్‌కు కావలసింది రాయి కాదన్నమాట. పంటికింద కాస్త అణిగి, మళ్లీ లేచేది, ముక్కలు కానిది.

దుకాణంలో పనికొచ్చే పరీక్ష కూడా అదే. బొటనవేలి గోటితో బొమ్మను నొక్కి చూడండి. కాస్తయినా సొట్ట పడాలి. పడలేదంటే అది పంటికి మరీ గట్టిది. రెండోది సైజు. బొమ్మ మొత్తం కోరపళ్లు దాటి నోట్లోకి పోయేలా ఉంటే, అది ఆ కుక్కకు చిన్నది. గొంతుకు అడ్డంపడితే ఆస్పత్రికి వెళ్లే వ్యవధి కూడా ఉండకపోవచ్చు. బోలు బంతికి ఒకే రంధ్రం ఉంటే గాలి బిగబట్టి నాలుక ఇరుక్కుపోతుంది. రెండు రంధ్రాలుండాలి. ఇక ఐఎస్ఐ మార్కు కోసం వెతికి లాభం లేదు. 2021 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన బొమ్మల నాణ్యతా నిబంధన 14 ఏళ్లలోపు పిల్లల ఆటవస్తువులకే. కుక్క బొమ్మకు మన గోరే గీటురాయి.

కొన్నింటిని గట్టిగా కొరికే కుక్కకు దూరంగా ఉంచాలి. పచ్చతోలుతో చేసిన చూ బోన్స్ నానేకొద్దీ జారుడుగా మారి, పెద్ద ముక్కలు గొంతులోనో పేగులోనో ఇరుక్కుంటాయి. వండిన కోడి ఎముకలు సూదుల్లా చీలతాయి. వీధి క్రికెట్ టెన్నిస్ బంతి మీది నూగు పళ్లను అరగదీస్తుంది. తాడు బొమ్మ పోగులు మింగితే పేగులు ముడతలు పడిపోతాయి. దారం కొస నోట్లోంచో, వెనకనుంచో కనిపిస్తే లాగకూడదు. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. వాంతులు, తిండి మానేయడం, విరేచనం కాకపోవడం... ఇవి కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు.

మంచి బొమ్మ కొని మూల పడేస్తే సరిపోదు. మన వంటింట్లోనే దానికి మంత్రముంది. ఉప్పు, తాలింపు లేని పెరుగన్నమో, ఉడికించిన క్యారెట్ గుజ్జో బోలు రబ్బరు బొమ్మలో కూరి, ఫ్రీజర్‌లో పెట్టాలి. ఎండాకాలం మధ్యాహ్నం అది నాకి నాకి తినేసరికి కుక్క అలిసి నిద్రపోతుంది. ఉల్లి, వెల్లుల్లి, ఎండుద్రాక్ష, చాక్లెట్ మాత్రం వద్దు. పీనట్ బటర్ పెడితే సీసా మీద ‘జైలిటాల్’ లేదని చూసుకోవాలి. అది కుక్కకు విషం. మూడు బొమ్మలుంటే రోజుకొకటి ఇస్తే మోజు పోదు. కొత్త బొమ్మ ఇచ్చిన మొదటి రోజుల్లో పక్కనే ఉండి చూడాలి. అంచు చిరిగినా, పగులు వచ్చినా ఆ బొమ్మకు ఆరోజుతో సెలవు.

అన్నట్టు, బొమ్మ ఇస్తే చాలదు. సాయంత్రం ఓ అరగంట నడక, ఇంట్లోవాళ్ల పలకరింపు కూడా తోడవ్వాలి. చెప్పు నోట కరిచినప్పుడు కర్ర తీసే బదులు, దాని బొమ్మ చూపించి, మార్చుకున్నాక ‘భేష్’ అనాలి. ఆ ఇల్లు పట్టిన కుక్క నెలలోపే తన వస్తువేదో, ఇంటివాళ్లదేదో తెలుసుకోవడం మొదలుపెడుతుంది. ‘ఎవరికైనా ఇచ్చేద్దాం’ అన్న నోటితోనే ‘దాని బొమ్మ ఎక్కడ పెట్టారర్రా?’ అని నాన్నగారు అడిగే రోజు వస్తుంది.