పుచ్చుకట్టెలో పుట్టినవి

హౌరా స్టేషన్ దాటి, హుగ్లీ ఒడ్డు వెంబడి దక్షిణంగా శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్‌కు వచ్చాను. 1787లో రాబర్ట్ కిడ్ వేయించిన తోట ఇది. ఆరేళ్లకు దీని బాధ్యత అందుకున్న రాక్స్‌బర్గ్ అంతకుముందు మన సామర్లకోటలో మొక్కలు పెంచినవాడే. ఇక్కడికొచ్చిన తెలుగువాళ్లం మహావటవృక్షం చూసి తిరుగుముఖం పడతాం. పొడుగు మీసాల పెంకుపురుగుల మీద మోజున్నవాళ్లు పూలపొదలు వెతుకుతారు. నన్నడిగితే ముందు చూడాల్సింది విరిగి పడ్డ కొమ్మలను. పువ్వు మీద మనకు కనిపించేది ఆ పురుగు బతుకులో చివరి కొద్ది వారాలే. క్లోరోఫోరస్ యాన్యులారిస్ అనే వెదురు పురుగునే తీసుకోండి. పసుప్పచ్చటి ఒంటి మీద నల్లటి వలయాలు, చటుక్కున చూస్తే కందిరీగేమో అనిపిస్తుంది. రెక్కలొచ్చాక పూల మీద వాలుతుంది గానీ, పెరిగేది నరికి ఎండబెట్టిన వెదురులో. తెల్లటి పిల్లపురుగు బొంగు గోడను తొలుస్తూ, వెనక దారిని ఆ పొడితోనే కూరుకుంటూ పోతుంది. పైకి బొంగు నున్నగానే ఉంటుంది. హిమాలయాల్లోనూ ఈశాన్య కొండల్లోనూ ఎక్కువగా ఉండే లెప్టురినే తెగ పూలకు ఇంకా దగ్గరిది. పుప్పొడి ఊడ్చుకోవడానికి వాటి నోటి దగ్గర నూగు ఉంటుంది. వాటిలోనూ చాలావాటి బాల్యం కుళ్లిన మానులోనే. అందుకే, పూల మీద ఈ పురుగులు కావాలంటే రాలిన కట్టెను కొంతైనా ఊడ్చేయకుండా వదలాలంటాను.

మామిడి రైతు ఈ మాట ఒప్పుకోడు. కాండం తొలిచే పురుగుదీ ఈ కుటుంబమే, అది పచ్చని చెట్టునే పొట్టన పెట్టుకుంటుంది. నిజమే. కానీ బటోసెరా అనే ఆ పురుగు పెద్దయ్యాక లేతకొమ్మల బెరడు కొరుకుతుంది, బతికున్న చెట్టులోనే గుడ్లు పెడుతుంది. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన నేరం అందరిదీ కాదు. పూజా పందిళ్లకు వెదురు అమ్మేవాడి గోడు కూడా న్యాయమైనదే. అయితే అది గోదాములో తేల్చుకోవాల్సిన సంగతి. వీటికంటే బరువైన అభ్యంతరం ఈ మర్రి దగ్గరే ఉంది. 1864, 1867 తుపానులకు దెబ్బతిన్న అసలు మానుకు బూజు తెగులు పట్టి, 1925లో దాన్ని తీసేయాల్సి వచ్చింది. ఇప్పుడు చెట్టంతా ఊడల మీదే నిలబడి ఉంది. అయినా తెగులు చొరబడింది బతికున్న చెట్టు గాయంలోంచి. ఆ గాయానికి వైద్యం చేయాలి, నిజమే. నేలరాలిన ప్రతి కట్టెనూ ఊడ్చేయాలనడానికి మాత్రం అది సాక్ష్యం కాదు. 2020 మేలో అంఫన్ తుపాను ఇక్కడ ఎన్నో చెట్లను కూల్చింది. అలాంటప్పుడు దారికడ్డంగా పడ్డవీ, జబ్బువీ తీసేసి, మిగతావాటిలో కొన్నింటిని నీడపట్టున నేలకానించి వదిలేయవచ్చు. ఫలితం మరుసటి పూలకారుకే కనబడాలని పట్టుబట్టకూడదు, కొన్ని పిల్లపురుగులు కట్టెలోంచి బయటపడడానికి రెండేళ్లు పడుతుంది.