మన అవతారిక మనమే పాడుకోవాలి



తెలుగు మేడమ్ ర్యాప్ వింటుందంటే మా స్టూడెంట్స్‌కి ఇప్పటికీ నవ్వే. కొయ్యూరు నుంచి కాలేజీకి వెళ్లే బస్సులో మధ్యమధ్య సిగ్నల్ పోతుంది. అందుకే పాటలు ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటాను. ఈ వారం సీరియస్ చర్చలు పక్కనపెట్టి ఒక ఫ్యాన్‌గా నాలుగు ముక్కలు మాట్లాడతా. చివరికి మన గొడవ దగ్గరికే వస్తాననుకోండి, అది వేరే సంగతి.

ముందు కెండ్రిక్ లమార్, డ్రేక్‌ల తగువు. 2024లో ఇద్దరూ ఒకర్నొకరు ఏకిపారేస్తూ పాట మీద పాట వదిలారు. అందులో కెండ్రిక్ 'నాట్ లైక్ అజ్'కి 2025 ఫిబ్రవరి 2న ఐదు గ్రామీలు వచ్చాయి. సరిగ్గా వారానికి సూపర్ బౌల్ హాఫ్‌టైమ్‌లో, కోట్లమంది చూస్తుండగా అదే పాట పాడాడు. మా పిల్లలకి ఇదంతా వింత. నాకేం కాదు. తిరుపతి వేంకట కవులూ కొప్పరపు సోదర కవులూ వందేళ్ల కిందట చేసింది ఏమిటి? ఆశుకవిత్వంలో ఎవరు గొప్పో తేల్చుకోవడానికి పద్యాలతో కొట్టుకున్నారు. అది సాహిత్య చరిత్ర అయింది. ర్యాప్ మాత్రం "బూతులూ బడాయీ" అయింది. ర్యాప్‌లో ఆడవాళ్లని చులకన చేసే పాటలు బోలెడున్నాయి, వాటిని నేను వెనకేసుకురాను. కానీ ఆ లెక్కన మన ప్రబంధ నాయికల వర్ణనల్ని కూడా అదే తక్కెడలో పెట్టాలి.

బడాయి సంగతికొద్దాం. "ప్రతి పాటలో నా పేరిది, నా గల్లీ ఇది, నన్ను మించినోడు లేడు అంటాడేంటమ్మా?" అని స్టాఫ్‌రూమ్‌లో ఒక పెద్దాయన అడిగారు. ఏ ప్రబంధమైనా తెరవండి సార్ అన్నాను. అవతారికలో కవి వంశం, గోత్రం, తాత, తండ్రి, గురువు. కథ మొదలయ్యే ముందే కుకవినింద. అది డిస్ ట్రాక్ కాక మరేంటి? ఆశ్వాసం ముగిసిన ప్రతిసారీ గద్యలో మళ్లీ కవి పేరు, తండ్రి పేరు. శ్రీనాథుడు తన గురించి తాను చెప్పుకున్నంత ఏ ర్యాపర్ చెప్పుకున్నాడు?

హిప్‌హాప్ పుట్టుకలోనే పేరు ఉంది. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ ఎవెన్యూ అనే అపార్ట్‌మెంట్‌లో సిండీ కాంప్‌బెల్ అనే అమ్మాయి పార్టీ పెట్టింది. స్కూలుకి కొత్త బట్టలు కొనుక్కోవడానికి టికెట్ డబ్బులు కావాలామెకి. వాళ్లది జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబం. ఆమె అన్న క్లైవ్, అంటే డీజే కూల్ హెర్క్, రికార్డులు తిప్పాడు. పాటలో డ్రమ్ములు మాత్రమే మోగే ముక్కని రెండు రికార్డుల మీద సాగదీసి జనాన్ని ఆడించడం అతని పద్ధతి. మైకు పట్టుకుని గుంపులో ఉన్న స్నేహితుల పేర్లు పిలిచేవారు. బయట ఎక్కడా ఎవరూ మర్యాదగా పిలవని పేర్లవి. ఆ పిలుపే పెరిగి పెరిగి ర్యాప్ అయింది.

ఇక మన విషయం. డిగ్రీ సిలబస్‌లో జానపద సాహిత్యం అని యూనిట్ ఉంటుంది. దాని మొదటి లక్షణం 'అజ్ఞాత కర్తృకం', అంటే రాసినవారెవరో తెలియదు. ఈ మాట చెప్పేటప్పుడల్లా నాకు మా అమ్మ గుర్తొస్తుంది. మా ఊరు మైదానంలో. అమ్మ ఊడుపు పాటలు పాడుతుంది. నా చిన్నప్పుడు ఒక పరిశోధకుడు టేప్‌రికార్డర్ పట్టుకుని మా పేటకొచ్చి రెండ్రోజులు పాడించుకుని వెళ్లాడు. నేను పీహెచ్‌డీ చేస్తుండగా ఒక లైబ్రరీలో ఆయన పుస్తకం దొరికింది. అమ్మ పాటలు పదకొండున్నాయి. ప్రతి పాట కిందా ఒకటే మాట: "గాయని: మాల స్త్రీ, వయసు సుమారు 40, నిరక్షరాస్యురాలు." సేకరించినాయన పేరు డిగ్రీలతో సహా అట్ట మీద ఉంది. కులం రాసుకున్నాడు, వయసు అంచనా కట్టాడు, పేరు మాత్రం అడగలేదు. ఇంటికి తెచ్చి చదివి వినిపిస్తే అమ్మ ఒకచోట ఆపింది. "ఈ రెండో చరణం నేను కట్టిందేనే. ఆసామి కొలతలో మోసం చేసిన ఏడు కట్టాను" అంది. అజ్ఞాత కర్త ఆయన ఎదురుగా కూర్చుని పాడింది.

ఇది పాతకాలం సంగతి అనుకోకండి. 2021లో 'ఎంజాయ్ ఎంజామీ' తమిళం రానివాళ్లని కూడా ఊపేసింది. అందులో ర్యాప్ చేసిన తెరుక్కురల్ అరివు అంబేద్కరైట్, పా.రంజిత్ మొదలుపెట్టిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్‌లోంచి వచ్చినవాడు. శ్రీలంక తేయాకు తోటల్లో కూలి చేసిన అవ్వ వల్లియమ్మాళ్ బతుకుని అతను పాటలోకి తెచ్చాడు. అదే ఏడాది రోలింగ్ స్టోన్ ఇండియా కవర్ మీద ఆ పాట పాడిన ఢీ ఉంది, అరివు లేడు. రంజిత్ బహిరంగంగా ప్రశ్నించాక గానీ వేరే కవర్ రాలేదు. 2024లో సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ ఇంకో మాట చెప్పాడు: ఆ పాట మీద తమ ముగ్గురికీ పైసా రాలేదని.

మన దగ్గర కూడా 2021లోనే 'సారంగ దరియా' మీద గొడవ జరిగింది. టీవీలో ఆ పాట ముందు పాడింది నేనని కోమలి అనే గాయని అడిగింది. ఎదురొచ్చిన జవాబు: "అది జానపదం కదా!" జానపదం అన్నాక ఎవరైనా తీసుకోవచ్చని అర్థం. ఎవరైనా అంటే ఎవరో మనకి తెలుసు. పోనీ పేరొస్తే సరిపోతుందా? కిన్నెర మొగులయ్య పేరు 'భీమ్లా నాయక్'తో మారుమోగింది, 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలి పని చేస్తున్న వీడియో చూశాం. పేరూ కావాలి, పైసలూ కావాలి. రెండూ అడగడం మన పిల్లలు ర్యాపర్ల దగ్గర నేర్చుకోవాలి.

నేను ఇది రాస్తున్న ఊరు కూడా ఈ పేర్ల లెక్కలోదే. 1924 మే 7న అల్లూరి సీతారామరాజుని చంపింది ఈ కొయ్యూరులోనే. 2022 మార్చిలో 'ఆర్ఆర్ఆర్' వచ్చింది, ఏప్రిల్ 4 నుంచి జిల్లాకి ఆయన పేరొచ్చింది. ఆయన త్యాగాన్ని తక్కువ చేయను. కానీ ఆయన పక్కన నిలబడి పోరాడిన గాం గంటందొర, గాం మల్లుదొర ఈ కొండల మనుషులు. గంటందొర తుపాకీ గుళ్లకి పోయాడు. మల్లుదొర జైలు శిక్ష అనుభవించి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచాడు. 'ఆర్ఆర్ఆర్'లో వాళ్లు లేరు. అరకు రిసార్టుల్లో టూరిస్టుల కోసం థింసా ఆడే ఆడవాళ్లని "గిరిజన నృత్యం" అని పరిచయం చేస్తారు. వాళ్లలో ఒక్కరి పేరైనా మైకులో చెప్పగా నేను వినలేదు.

ఇవే తూర్పు కనుమల అవతలి వాలు, ఒడిశాలోని కోరాపుట్ నుంచి సుమీత్ సామోస్ వచ్చాడు. జేఎన్‌యూలో చదువుతూ దళితుణ్ణని చెప్పి మరీ ర్యాప్ చేశాడు, తర్వాత ఆక్స్‌ఫర్డ్ వెళ్లి చదివాడు. మా క్లాసులో అతని గురించి చెప్పినప్పుడు పిల్లలు అడిగిన మొదటి ప్రశ్న: "కోరాపుట్టా మేడమ్? మన పక్కదేనా?" ఆ ప్రశ్నలో ఆశ వినిపించింది నాకు.

అందుకే ఈ సెమిస్టర్ జానపద యూనిట్‌కి అసైన్‌మెంట్ మార్చాను. ఇంట్లో పెద్దవాళ్ల పాట ఒకటి ఫోన్‌లో రికార్డు చేయాలి. ముందు వాళ్ల పేరు వాళ్ల నోటితోనే చెప్పించాలి. ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ చరణం సొంతంగా కట్టారు, ఇవన్నీ అడగాలి. వాళ్లు సరేనంటేనే బయటపెట్టాలి.

భగత అమ్మాయి ఒకరు తెచ్చిన రికార్డింగ్‌లో వాళ్ల అమ్మమ్మ ముందు సిగ్గుపడింది. "నా పేరెందుకే, పాట వినుకో" అంది. మనవరాలు వదల్లేదు. అప్పుడామె తన పేరు, కన్నవారి ఊరు, అత్తవారి ఊరు, పాట నేర్పిన మేనత్త పేరు, తోడబుట్టినవాళ్లు ఐదుగురి పేర్లు గడగడా చెప్పి, గొంతు సవరించుకుని పాట ఎత్తుకుంది. క్లాసులో వెనక బెంచీ కుర్రాడు బల్ల మీద బీట్ అందుకున్నాడు. నేను ఆపలేదు.

మీ ఇంట్లో పాట ఉంటే ఈ ఆదివారం రికార్డు చేయండి. పేరుతో మొదలుపెట్టండి.

జై భీమ్.