జాలి వెనక చిరుత



పోయిన సంచికలో నేను తీసిన చిరుతపులి ఫొటో అతికించిన రోజు నుంచి గోడ దగ్గర నిలబడి అందరూ ఒకటే అడుగుతున్నరు. "ఫొటో మంచిగనే ఉంది గని ఆ జాలి గీతలెందుకు ఉంచినవ్? కంప్యూటర్ల తీసెయ్యొచ్చు గదా?" ఏడో తరగతి తమ్ముళ్లయితే నాకు తీసేసుడు రాదని తీర్మానించిన్రు. వస్తది. స్టడీ అవర్‌లో ఒక్కొక్కరికి చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను.

హైదరాబాదులో నెహ్రూ జూపార్కు 1963 అక్టోబరు 6న మొదలైంది. మీరాలం చెరువు పక్కన 380 ఎకరాలు. మన బస్సు చేరేసరికి పదకొండు దాటింది. అప్పటికే ఎండ ముదిరి పులులూ సింహాలూ నీడకు పడుకున్నయి. మనవాళ్లే కొందరు ఈలలేసిన్రు. (పేర్లు రాయను, వాళ్లకే తెలుసు.) పిల్లిజాతి జంతువులు పగలు చాలాసేపు పడుకునే ఉంటయి. అరిచి లేపితే వచ్చేది బెదిరిన ముఖమే. అది ఫొటోకు పనికిరాదు. ఊరికే నిలబడి ఎదురుచూసుడే పని. నేను చిరుత దగ్గర ముప్పావు గంట నిలబడ్డాను, పులిహోర పొట్లం కూడా అక్కడే విప్పిన.

జాలి కనబడకుండా తీసే ఉపాయం సైన్సు సారు ముందే చెప్పిండు. కెమెరా జాలికి ఎంత దగ్గరుంటే, జంతువు జాలికి ఎంత దూరముంటే, జాలి అంత మసకబారి మాయమైతది. నమ్మకపోతే మన డార్మిటరీ కిటికీకున్న దోమల జాలికి కన్ను ఆనించి నీళ్లట్యాంకును చూడండి. జాలి కనబడదు. నాలుగడుగులు వెనకకు జరగండి, గళ్లన్నీ కనబడతయి. కాని జూలో మనకూ జాలికీ నడుమ రెయిలింగు ఉంటది, దాన్ని దాటరాదు. పైగా నా చిరుత సరిగ్గా జాలికి ఆనుకొనే పడుకుంది. అందుకే గీతలు పడ్డయి.

తెల్లపులి కత వేరు. కెమెరా తనంతట తాను వెలుగు లెక్కగట్టేటప్పుడు ఎదుటనున్నదంతా మధ్యరకం బూడిదరంగు అనుకుంటది. అందుకే తెల్లపులి నిండుగా కనబడితే మాసిన దుప్పటి లెక్క వస్తది. నల్ల జంతువుకు తిరుగుడు, వెలిసినట్టు వస్తది. కంప్యూటర్ ల్యాబులో వెలుగు కొంచెం పెంచితే తెలుపు తెలుపైంది. నా లెక్కల ఇది మోసం కాదు. మన కన్ను చూసినదాన్ని కెమెరా చెడగొట్టింది, మేము సరిచేసినం. ఫొటో అంచున ఎవరిదో మోచెయ్యి పడితే దాన్నీ కత్తిరించినం. (తెల్లపులి వేరే జాతి కాదు, మామూలు పులే. 1951లో రేవా రాజు పట్టుకున్న మోహన్ అనే పిల్ల వంశమే జూలల్ల ఉన్న తెల్లపులులు చాలామటుకు.)

తరువాత చిరుత ఫొటో తెరిచినం. తీగ పక్కనున్న వెంట్రుకలనూ మచ్చలనూ తీసి తీగ మీద అద్దుకుంటూ పోవాలె. ఇప్పటి ఫోన్లల్ల అయితే వేలితో రుద్దితే అదే అతుకుతది. చెవి మీది తీగ పోయింది. మెడ మీదిది పోయింది. భుజం కాడికి వచ్చేసరికి నాకు మనసొప్పలేదు. తీగ కింద అసలు ఏ మచ్చలున్నయో ఎవరికి ఎరుక? కంప్యూటరు పెట్టినవి ఆ చిరుత మచ్చలైతే కావు.

మచ్చలే గదా అంటరేమో. మన వేలిముద్రల లెక్క ఏ రెండు చిరుతల మచ్చలూ ఒక్క తీరుగ ఉండవు. పులి చారలూ అంతే. ఒకే పులికి ఎడమ పక్క చారలు కుడి పక్క చారలతో కలవవు. అందుకే అడవిలో దారికి రెండు వైపులా కెమెరాలు పెడతరు. ముందు అడుగుజాడలు చూసి లెక్కపెట్టేవాళ్లు. 2006 నుంచి దేశంలో పులుల లెక్కకు ఈ కెమెరా ఫొటోలే ముఖ్యం. 2022 లెక్కలో 3,682 పులులని అంచనా వేసిన్రు. ఆ ఫొటోలల్ల ఎవరైనా రెండు చారలు అందంగా దిద్దితే, లేని పులి ఒకటి పుడతది.

చైనాలో ఇంకో విచిత్రం జరిగింది. 2007 అక్టోబరులో షాన్సీ రాష్ట్రంలో ఒక రైతు, అడవిలో కనబడకుండ పోయిన దక్షిణ చైనా పులిని తాను ఫొటో తీసిన్నని చెప్పిండు. అధికారులు నమ్మి ప్రకటించిన్రు. జనం ఆ చారలను గోడకు తగిలించుకునే పాత పటంలోని పులి చారలతో పోల్చి చూస్తే ఒక్కటే! 2008 జూన్‌లో అది కాగితపు పులేనని ప్రభుత్వమే ఒప్పుకుంది.

చైనా దాకా ఎందుకు, మాది దొంతన్‌పల్లి దిక్కు తండా. 2020 మే నెలలో కాటేదాన్ దగ్గర రోడ్డు మీద చిరుత పడుకున్నది అందరూ టీవీల్లో చూసిందే, అది నిజం. అప్పటి నుంచి మా దిక్కు ఏ ఫొటో వచ్చినా నమ్ముతరు. పోయిన చలికాలం ఫోన్లల్ల ఒకటి తిరిగింది, "చెరువు కట్ట మీద చిరుత" అని. మా యాడి నాలుగు గంటలకే చీకట్ల లేచి పొలం పోయి కొత్తిమీర, పాలకూర కట్టలు కట్టి మార్కెట్టుకు పంపుతది. నాలుగు రోజులు పోలేదు. తండాలో ఎవరూ పోలేదు. కొత్తిమీర ముదిరి పూతకొచ్చింది. ఐదో రోజు మా అన్న ఫొటో పెద్దగ చేసి చూస్తే, చిరుత వెనక గడ్డిలో సిమెంటు నీళ్లతొట్టి అంచు కనబడింది. ఏదో జూలో తీసి, ఎవరో తీగలు తుడిచిన్రు. అందంగా తుడిచిన్రు, అది మాత్రం ఒప్పుకోవాలె. ఆ నాలుగు రోజుల కూలి ఎవరిస్తరు?

నేను తుడిచిన చెవి, మెడ కూడా మళ్లీ వెనకటి తీరుగ పెట్టించి, ఫొటో కింద "నెహ్రూ జూపార్కు, జాలి వెనక" అని స్కెచ్ పెన్నుతో రాసిన. అడవిలో తీసినట్టుంటే ఇంకా మంచిగుండేదని మా బెంచి దోస్తు ఇప్పటికీ అంటడు. అనని.

వార్డెన్ సారుకు ఒక మనవి. సోమవారం జూ బంద్ ఉంటది గనుక ఇంకోసారి వేరే రోజు చూసి, గేటు తెరిచే వేళకే అక్కడుండేటట్టు బస్సు మాట్లాడండి. పొద్దున చల్లగున్నప్పుడు పులులు తిరుగుతయి. టిఫిను పొట్లాలు రాత్రే కట్టడానికి మేము పదిమందిమి మెస్సుకు వస్తం. ఈలలేసేటోళ్లను వెనక సీట్ల కూర్చోబెట్టి, చివరికి దింపితే ఇంకా మేలు.