సింగపూరు దూరమా, విశాఖ దూరమా?

పిల్లలూ, మీకొక ప్రశ్న. పెదబయలు నుంచి విశాఖపట్నం దూరమా, విశాఖపట్నం నుంచి సింగపూరు దూరమా? "ఇదేం ప్రశ్న! సింగపూరే దూరం" అంటారు మీరు. తొందరపడకండి, లెక్క చూద్దాం.

పెదబయలు అల్లూరి సీతారామరాజు జిల్లాలో, తూర్పు కనుమల మీద ఉన్నది. అట్లాసులో బద్ద పెట్టి తిన్నగా కొలిస్తే విశాఖకు సుమారు 90 కిలోమీటర్లే. కాని బస్సు తిన్నగా పోలేదు కదా! పాడేరు దాటిన తరువాత ఘాటురోడ్డు మెలికలు తిరుగుతూ కొండ దిగుతుంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. బస్సు నెమ్మదిగానే పోవాలి. అందుచేత ప్రయాణానికి నాలుగు గంటలకు తక్కువ పట్టదు.

విశాఖ నుంచి సింగపూరుకు నేరుగా విమానాలు 2011లో మొదలైనవి. దూరం సుమారు 2,900 కిలోమీటర్లు. విమానం బంగాళాఖాతం దాటి, అండమాను సముద్రం మీదుగా పోతుంది. గంటకు 800 కిలోమీటర్ల చొప్పున లెక్కవేస్తే మూడున్నర గంటలకు కాస్త ఎక్కువ. పైకి ఎక్కేటప్పుడూ, కిందికి దిగేటప్పుడూ అంత వేగం ఉండదు కనుక మొత్తం నాలుగు గంటలనుకోండి. చూశారా? బస్సుకు పట్టినంత సేపే!

ఇంకొక తమాషా ఉన్నది. రాత్రి 11 గంటలకు విశాఖలో బయలుదేరితే, సింగపూరులో దిగేసరికి అక్కడి గడియారం తెల్లవారుజామున 5½ చూపుతుంది. మరి ఆరున్నర గంటలు పట్టినట్టా? కాదు. వారి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందున్నది.

ఎందుకు? భూమి ఒక్క డిగ్రీ తిరగటానికి 4 నిమిషాలు పడుతుంది. మన దేశపు గడియారాలన్నీ 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. ఆ రేఖ పెదబయలు దాపునే, ఈ మన్యం కొండల మీదుగానే పోతున్నది! సింగపూరు 104 డిగ్రీల దగ్గర ఉన్నది. తేడా 21½ డిగ్రీలు. అంటే 86 నిమిషాలే. కాని సింగపూరు వారు 1982 జనవరి 1న మలేషియాతోపాటు తమ గడియారాన్ని అరగంట ముందుకు జరిపి, 120 డిగ్రీల రేఖాంశపు కాలాన్ని పాటిస్తున్నారు. 120లో 82½ తీసివేసి, 4 పెట్టి హెచ్చించండి. 150 నిమిషాలు వస్తుంది. అందుకే అక్కడ ఏడు గంటల ప్రాంతానగాని సూర్యోదయం కాదు.

కనుక దూరం వేరు, కాలం వేరు. ఈ సంగతి మన్యం వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. బస్సురోడ్డు దాకా రావటానికే గంటల తరబడి కొండ దిగవలసిన ఊళ్లు అక్కడ ఉన్నవి. జబ్బుపడిన మనిషిని డోలీలో పెట్టి మోసుకువచ్చేవారు "ఆసుపత్రి ఎన్ని కిలోమీటర్లు?" అని అడగరు; "ఎంతసేపట్లో చేరగలం?" అని అడుగుతారు. అక్కడ ఒక మైలు రోడ్డు పడితే, ఆసుపత్రి దగ్గరకు జరిగినట్టే.

ఇప్పుడు మీరొక పని చేయండి. మీ ఇంటి నుంచి బడికి, ఆసుపత్రికి, రైలుస్టేషనుకు ఎన్ని కిలోమీటర్లో ఒక వరుసలో, ఎన్ని నిమిషాలో ఇంకొక వరుసలో రాయండి. రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి అమ్మకూ నాన్నకూ చూపించండి.