వెంకటగిరికోట అమ్మాయి, వదులు కోటు

మా వెంకటగిరికోటలో కోటు అంటే రెండు రకాలే. ఒకటి రిసెప్షన్లో పెళ్ళికొడుకు వేసుకునేది, రెండోది లాయర్లు వేసుకునేది. అందుకని నేను బెంగుళూరు నుంచి వదులు బ్లేజరొకటి తగిలించుకుని బస్సు దిగితే, మా అవ్వ "ఎవురిది మే ఈ కోటు, మీ అన్నదా?" అని అడగడంలో వింతేమీ లేదు.

ఆ మాటకొస్తే ఈ ఫ్యాషన్ మొదలైందే అలాగ. 1966లో ఈవ్ సాన్ లారాన్ మగవాళ్ళ టక్సీడోని ఆడవాళ్ళకి కుట్టి చూపించాడు. 1977లో వచ్చిన 'యానీ హాల్' సినిమాలో డయాన్ కీటన్ మగవాళ్ళ వెయిస్ట్‌కోటు, టైతో కనిపించాక చాలామంది అలా వేసుకున్నారు.

అయితే నిజంగా అన్న కోటు తీసి వేసుకుంటే కుదరదండీ. ఓవర్‌సైజ్ అంటే రెండు సైజులు పెద్దది కొనడం కాదు. ముందు చూడాల్సింది భుజం. కుట్టు కాస్త కిందికి జారినా ఫర్వాలేదు, చేతి మీదకి వేలాడితే మాత్రం అది అరువు కోటే! పొడుగు చేతులు ఏ టైలరైనా తగ్గిస్తాడు. భుజం తగ్గించాలంటే చెయ్యి మొత్తం ఊడదీసి మళ్ళీ కుట్టాలి. లోపల పాలిస్టర్ లైనింగుంటే మన ఎండలకి ఉడికిపోతాం, సగం లైనింగున్న కాటనో లినెనో నయం. పైన వదులైతే కింద తిన్నని ప్యాంటు చాలు. పొట్టి కుర్తా మీదా బాగుంటుంది. చేతులు ఓ మడత పెట్టి మణికట్టు కనిపించనిస్తే కోటులో మునిగిపోయినట్టుండదు.

అన్నట్టు, జేబులు! కుట్టేసినట్టున్నా లోపల సంచి ఉందేమో తడిమి చూడండి. ఉంటే దారం కత్తిరిస్తే సరి.

బట్టల గురించి ఇంత గోలెందుకంటారా? పాత ఆఫీసులో ఓ డిజైన్ రివ్యూలో నేను చెప్పిన మాటే పక్కనున్నతను గట్టిగా చెప్తే అందరూ రాసుకున్నారు. కోటు వేసుకుంటే అలాంటివి ఆగిపోతాయని నేను చెప్పను. కానీ బిగుతు ఫార్మల్స్‌లో బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తిన ప్రతిసారీ చొక్కా పైకి లేస్తోందేమో అన్న ధ్యాస ఉంటుంది చూశారూ, బ్యాక్‌గ్రౌండ్‌లో నడుస్తూనే ఉండే ఆ ప్రాసెస్‌ని మాత్రం ఈ కోటు కిల్ చేసింది. అలా మిగిలిన బుర్రతోనే, "ఇది ఇందాక నేనే చెప్పాను" అని అందరి ముందూ అనగలుగుతున్నా.

కాబట్టి ట్రయల్ రూములో నడుము వంక చూసుకోవడం తర్వాత. ముందు రెండు చేతులూ పైకెత్తి చూడండి. ఎక్కడైనా పట్టేస్తే, ఎంత డిస్కౌంటున్నా సరే, అక్కడే వదిలేసి రండి.