బాగ్‌బేరాలో వేలు చూపి అడిగిన అన్నం

విదేశాలకు వెళ్ళివచ్చిన ప్రతి తెలుగువాడి దగ్గరా ఒక హోటల్ కథ ఉంటుంది. నా దగ్గరా ఉంది. కొన్నేళ్ళ క్రితం ఒక సదస్సు కోసం చైనా వెళ్ళినప్పుడు, బొమ్మల మెనూలో వంకాయ కూర అనుకుని వేలు పెట్టి చూపించాను. వచ్చింది ఏదో జంతువు కాలేయం. ఆ రాత్రి అరటిపండ్లతో సరిపెట్టుకున్నాను. తిరిగొచ్చాక ఆ కథ చెప్పి మిత్రులను చాలాసార్లు నవ్వించాను. జేబులో డబ్బు, చేతిలో తిరుగు ప్రయాణం టికెట్ ఉన్నవాడికి భాష రాకపోవడం ఒక వినోదం. అలా లేనివాడికి అదేమిటో తెలుసుకోవడానికి నేను దేశం దాటనవసరం లేదని బాగ్‌బేరాలో అర్థమైంది.

2024 నవంబరులో జార్ఖండ్ శాసనసభ ఎన్నికల కోసం జంషెడ్‌పూర్ వెళ్ళాను. అక్కడ తొలి విడతలో, 13వ తేదీన పోలింగ్. అంతకు ముందొక మధ్యాహ్నం టాటానగర్ స్టేషన్‌కు దగ్గర్లోని బాగ్‌బేరాలో, రేకుల కప్పు వేసిన ఒక చిన్న భోజనం హోటల్లో కూర్చున్నాను. నడుపుతున్నది ఒక సంతాలీ మహిళ. ఆమెకు హిందీ రాక కాదు. ఆ వేళ అక్కడ తింటున్నవాళ్ళంతా ఆమె మనుషులే కాబట్టి ఆ హోటల్ భాష సంతాలీ. పరాయివాణ్ణి నేనొక్కణ్ణే. ఆమె నా వైపు తిరిగి, అదే ఊపులో, ఏదో అడిగింది. అందులో నాకు వినిపించిన మాట ఒక్కటే: ‘దాకా’.

దాక అంటే మనకు వంటపాత్ర. ఈవిడ పాత్ర గురించి నన్నెందుకు అడుగుతోందో తెలియలేదు. ఢిల్లీలో ఏళ్ళ తరబడి పోగేసిన నా హిందీ సమయానికి నోట రాలేదు. చైనాలో చేసిన పనే చేశాను. పక్కనున్నాయన పళ్ళెం వైపు వేలు చూపించాను. అన్నం, పప్పు, ఒక కూర వచ్చాయి.

ఆ పక్కాయన నా అవస్థ గమనించి, ‘‘ఏటి బాబూ, మీదే వూరు?’’ అన్నాడు. అచ్చమైన శ్రీకాకుళం యాస. రైల్వేలో ఖలాసీగా పనిచేసి రిటైరైన మనిషి. సంతాలీలో ‘దాకా’ అంటే అన్నమనీ, నీళ్ళను ‘దాక్’ అంటారనీ, చివరి హల్లును గొంతులోనే మింగేయాలనీ ఆయనే చెప్పాడు. నేర్చుకున్న ఉత్సాహంలో నీళ్ళు అడిగాను. మనది అజంత భాష. హల్లు దగ్గర ఆగడం మన నాలుకకు చేతకాదు. నాకు తెలియకుండానే చివర ఒక అచ్చు చేరింది. ఆమె చక్కా వచ్చి మరో గరిటె అన్నం వడ్డించింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను.

పెద్దాయన తండ్రి రైలు పట్టాల వెంట వచ్చినవాడు. 1907లో టాటా కంపెనీ ఏర్పడి, సాక్చి గ్రామం దగ్గర ఉక్కు కర్మాగారం లేచాక, వాల్తేరు నుంచి ఖరగ్‌పూర్ మీదుగా విస్తరించిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఉత్తరాంధ్ర పల్లెలకు ఒక బతుకుదారి చూపింది. ఆ రైల్వే కార్మికోద్యమానికి 1920లలో నాయకత్వం వహించిన వి.వి. గిరి తర్వాత రాష్ట్రపతి అయ్యారు. ఆ దారిన వచ్చిన వేలాదిమంది మాత్రం ఇక్కడే ఉండిపోయారు. ‘‘మా అయ్య వచ్చిన కొత్తలో ఇలాగే వేలు చూపించే తినీవోడట. నాకు మాటొచ్చును గానీ అచ్చరం రాదు బాబూ. మనవలకి మాటా రాదు’’ అన్నాడాయన. ఆ మాటలో ఫిర్యాదు లేదు. వర్షం పడలేదని చెప్పినట్టు చెప్పాడు.

భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందించేందుకు రాష్ట్రాలు ప్రయత్నించాలని రాజ్యాంగంలోని 350ఏ అధికరణ చెబుతోంది. జార్ఖండ్ ద్వితీయ అధికార భాషల జాబితాలో ఉర్దూ, సంతాలీ, బెంగాలీ, ఒడియా, భోజ్‌పురీ, మగహీ వంటివి చాలా ఉన్నాయి. తెలుగు లేదు. దీని మీద ఆగ్రహంతో ఒక వ్యాసం రాద్దామనే ఆ హోటల్లో నోటుబుక్కు తీశాను. అంతలోనే నా చేయి ఆగిపోయింది. ఎందుకంటే జార్ఖండ్ మనిషి మన గడ్డ మీద ఆకలితో నిలబడిన రోజున నేనేం చేశానో గుర్తొచ్చింది.

2020 ఏప్రిల్ 29న, లాక్‌డౌన్ మధ్యలో, సంగారెడ్డి జిల్లా కందిలో నిర్మాణ కార్మికులు జీతాలివ్వమనీ, తమను ఇళ్ళకు పంపమనీ రోడ్డెక్కారు. పోలీసులతో ఘర్షణ జరిగింది. ఆ రోజు వార్త రాసినవారిలో నేనొకణ్ణి. రెండు రోజుల తర్వాత, మే డే నాడు, దేశంలో తొలి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దాదాపు 1,200 మందితో బయలుదేరింది. ఆ వార్తా రాశాను. బాగ్‌బేరా నుంచి తిరిగొచ్చాక ఆ కత్తిరింపులు వెతికి చదువుకున్నాను. అధికారులు మాట్లాడారు, పోలీసులు మాట్లాడారు, నాయకులు మాట్లాడారు. కార్మికుడి మాట ఒక్కటీ లేదు. వాళ్ళ మాతృభాష ఏమిటన్న ప్రశ్న కూడా నాకు తట్టలేదు. ‘వలస కూలీలు’ అని రాసి ఊరుకున్నాను.

వలస కార్మికులకు తలా 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇస్తామని అప్పట్లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. మంచి నిర్ణయం. కానీ ప్రకటన ఏ భాషలో వెళ్ళింది? అందనివాడు ఏ భాషలో అడగాలి? సంతాలీకి 2003లో, 92వ రాజ్యాంగ సవరణతో ఎనిమిదో షెడ్యూల్‌లో చోటు దక్కింది. కరెన్సీ కట్టలు లెక్కపెట్టే ఢిల్లీకి ఆ సంగతి తెలుసు. బియ్యం తూచే కౌంటర్‌కు తెలియదు. గుర్తింపు కాగితం మీద ఉండటం వేరు, ఆకలి వేసినచోట ఉండటం వేరు.

హోటల్ గోడకు నాలుగు భాషల్లో మెనూ వేలాడదీయమని నేను అడగడం లేదు. కార్మిక శాఖ కార్యాలయంలో, ప్రభుత్వాసుపత్రిలో, పోలీసు స్టేషన్‌లో, మనకు ఇళ్ళు కట్టే మనుషుల మాట అర్థమయ్యేవాడు ఒక్కడుండాలని అడుగుతున్నాను. ఫోన్‌లోనైనా సరే. బాగ్‌బేరాలో తెలుగు బడి కావాలని కోరే హక్కు మనకుంది. కందిలో సంతాలీ వినే చెవి ఉండాలని కోరినప్పుడే ఆ హక్కుకు బరువు వస్తుంది.

ఆ మధ్యాహ్నం నాకు నీళ్ళు ఇప్పించింది పెద్దాయనే. కందిలో అలాంటి పెద్దాయన పని నాది. నేను చేయలేదు.