ఎర్రదుమ్ము దారిలో ఇరుసు పిన్ను

హోసపేట నుండి సండూరు వెళ్ళే దారిలో చెట్ల ఆకులు కూడా ఎర్రగా కనిపిస్తాయి. అదంతా ఇనుపరాయి దుమ్ము. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి, హోసపేట ప్రాంతాలు మైసూరు రాష్ట్రంలో కలిశాయి. అక్కడి తెలుగువాళ్ళు మాత్రం ఊళ్ళు వదల్లేదు. ఊరి చివర మరమ్మతు షెడ్లలో ఇప్పటికీ కన్నడం, తెలుగు, ఉర్దూ కలగలిసి వినిపిస్తాయి.

అలాంటి ఒక షెడ్డుకు మా బంధువుల అబ్బాయితో వెళ్ళాను. అప్పు చేసి కొన్న లోడరు వాడిది. బకెట్టు ఎత్తినప్పుడల్లా టకటకమని చప్పుడు. "కొత్త పిన్ను వేసి పంపించు మేస్త్రీ, రేపు పనుంది" అన్నాడు. 2011లో సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో గనుల తవ్వకం ఆపించినప్పుడు బండ్లు వరసగా నిలిచిపోవడం చూసిన ఇల్లు వాళ్ళది. బండి ఆగిందంటే వాళ్ళకు భయం.

మేస్త్రి పిన్ను ఊడదీసి చూపించాడు. "పిన్ను ఒక్కటే అరిగితే మార్చేవాణ్ణి నాయనా. రంధ్రమే కోడిగుడ్డులా సాగింది. ఇందులో కొత్త పిన్ను నెల కూడా నిలవదు."

దుమ్ము గ్రీజులో కలిస్తే సానరాయి పొడిలా ఇనుమును తినేస్తుందట. ముందు బుష్షు అరుగుతుంది, తరువాత పిన్ను, చివరికి రంధ్రం.

పని రెండు రోజులు పట్టింది. పిన్ను తీయకముందే బకెట్టును నేలకు ఆనించి, చేయి కింద దుంగలు పెట్టారు. గట్టి పిన్నును ఉత్త సుత్తితో కొడితే పెచ్చులు ఎగిరి కంట్లో పడతాయని మధ్యలో ఇత్తడి కడ్డీ ఉంచారు. రంధ్రాన్ని వెల్డింగుతో నింపి, రెండు వైపులా ఒకే వరసలో ఉండేలా లైన్ బోరింగు చేశారు. కొత్త బుష్షు, పిన్ను ఎక్కించేటప్పుడు రంధ్రాలు కలిశాయో లేదోనని కుర్రవాడు వేలు పెట్టబోతే మేస్త్రి గద్దించాడు. బండి కాస్త కదిలినా వేలు తెగుతుంది.

రెండు రోజుల బాడుగ పోయిందని అబ్బాయి గొణిగాడు.

"ఎత్తిన బకెట్టు దగ్గర ఎవరి బిడ్డో నిలబడి ఉంటాడు. ఆ పిన్ను ఊడితే ఏ బాడుగ తిరిగి తెస్తుంది?" అన్నాడు మేస్త్రి.

ఇప్పుడు ఆ అబ్బాయి రోజూ పని మొదలుపెట్టే ముందు గ్రీజు నిప్పిలు తుడిచి, పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్తది కొడుతున్నాడు. దానికి పది నిమిషాలు చాలు.